జ్వరం పేరు

ఆ యేడు వానలు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఇక ఆగలేదు. శ్రావణం సగానికొచ్చేసరికి మా ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో కూడా వేశాం. అన్నీ జ్వరాలే. నాట్లకు దిగినవాళ్ళు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు, హాస్టలు పిల్లలు, ఆ పిల్లల్ని చూడటానికొచ్చి తామూ పడకేసిన తల్లిదండ్రులు.

మా ఆసుపత్రి అంటే మా మావగారిది. భీమవరం నుంచి పాలకొల్లు వెళ్ళే దారిలో, కాలవగట్టు పక్కన ఆయన వయసులో ఉండగా పెట్టింది. డాక్టర్ అబ్బాయిరాజుగారు చెయ్యి పట్టుకుంటేనే సగం జ్వరం దిగుతుందని చుట్టుపక్కల పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. తుఫానుకి రోడ్డు తెగితే పడవ మీద గోదావరి లంకల్లోకి వెళ్ళి వైద్యం చేసిన మనిషి ఆయన. నా భర్త ఫణీంద్ర అక్కడే సర్జను. నేను విశాఖపట్నంలో మైక్రోబయాలజీ ఎండీ చేసి, ఆ వేసవిలోనే ఆసుపత్రిలో చేరాను. ఎక్స్‌రే గది పక్కనున్న చిన్న గదిని నాకు ల్యాబుగా ఇచ్చారు. మా అత్తగారు మాణిక్యాంబగారు నన్ను చుట్టాలకి పరిచయం చేస్తూ, మా కోడలు మనుషుల్ని చూడదు, వాళ్ళ రక్తంలో పురుగుల్ని చూస్తుంది అని చెప్పేవారు. ఆ మాటలో కొంత గర్వం, కొంత అనుమానం, రెండూ ఉండేవి.

చేరిన కొత్తలో నేను చేసిందల్లా వార్డులో నిలబడి చూడటం. జ్వరంతో మనిషి వస్తే, పేరు రాసుకునేలోపే సెలైను ఎక్కేది, అందులో యాంటీబయాటిక్ పడేది. ఆ తర్వాత తీరిగ్గా రక్తం తీసి వైడాల్ పరీక్షకి పంపేవారు. అది టైఫాయిడ్ కోసం చేసే పాత పరీక్ష. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళకీ, అసలు వేరే జ్వరం ఉన్నవాళ్ళకీ కూడా ఒక్కోసారి ఉందని చెప్తుంది. నిజంగా ఉన్నవాళ్ళకి మొదటి వారంలో లేదనీ చెప్తుంది. అయినా జనానికి దానిమీదే గురి. ఆ పరీక్ష లెక్కన మా అత్తగారికే ఏడుసార్లు టైఫాయిడ్ వచ్చింది.

రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసేది కల్చర్ పరీక్ష. మందు పడకముందు రక్తం తీస్తే అది చెప్పగలిగినంత చెప్తుంది. మందు పడ్డాక తీస్తే చాలాసార్లు సీసాలో ఏమీ పెరగదు. నేను అడగదలుచుకున్నది ఆ ఒక్కటే. వార్డులో చేర్చుకునే జ్వరం కేసుల్లో మొదటి ఇంజెక్షనుకి ముందు రెండు చేతుల నుంచీ రక్తం తియ్యాలి, అవసరం లేని వైడాల్ ఆపెయ్యాలి.

ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతుండగా మావగారికి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి చివరిదాకా విన్నారు. మనిషి వణికిపోతుంటే సీసాలు వెతుక్కుంటూ కూర్చుంటామా అని అడిగారు. రక్తం తియ్యడానికి పట్టే కాస్తసేపేనండి, తీసిన మరుక్షణం మందు వేసెయ్యండి అన్నాను. ఆయన పేపరు మళ్ళీ అందుకుంటూ, "వార్డులో చేసుకో అమ్మాయ్. ఓపీ జోలికి మాత్రం రాకు" అన్నారు. అది చాలనుకున్నాను.

మొదటి నెల నా మొహాన పొద్దుపొడవలేదు. సీసాల్లో పెరిగిందంతా చర్మం మీద మామూలుగా ఉండే సూక్ష్మజీవులే. అంటే రోగంలో తేడా కాదు, రక్తం తీసే పద్ధతిలో తేడా. మావగారు రిపోర్టులు చూసి, భోజనాల దగ్గర ఫణీంద్రతో, మీ ఆవిడ మన ఊరివాళ్ళ చర్మం మీద మంచి పరిశోధన చేస్తోందిరా అన్నారు. ఫణీంద్ర నవ్వబోయి నావైపు చూసి మానేశాడు.

మర్నాటి నుంచి ల్యాబు తాళం వేసి వార్డులోనే ఉన్నాను. హెడ్ నర్సు సత్యవాణి సిస్టరు నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది. దూదితో ఒకసారి తుడిచి, అది ఆరకముందే, నరం దొరికిందా లేదా అని అదే వేలితో మళ్ళీ తడిమి చూసి సూది గుచ్చేవారు అందరూ. తప్పు అక్కడుంది. తుడిచాక ఆరనివ్వాలి, ఆరాక ముట్టుకోకూడదు, సీసా మూతనీ తుడవాలి. ఇదంతా చెప్తే ఆమె, "ఇన్నేళ్ళుగా సూది పట్టుకుంటున్నానండి మేడమ్, ఇప్పుడు నేర్చుకోమంటారా?" అంది. కోపంగా అనలేదు, అలసటగా అంది. నేనూ మీతోపాటే తీస్తానండీ అన్నాను. ప్రతి కేసుకీ ఇద్దరం చెరో చేయీ పట్టుకున్నాం. నా చేతిలో నరం తప్పిపోయినప్పుడు ఆమె అందుకునేది, ఆమె వేలు అలవాటుకొద్దీ నరం మీదకి వెళ్తే నేను దగ్గేదాన్ని. వినాయకచవితి నాటికి పనికిరాని సీసాలు బాగా తగ్గిపోయాయి.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. కల్చర్ మంచిదని తెలిసేసరికి అందరూ అన్నిటికీ పంపడం మొదలుపెట్టారు. మానుతున్న పుండు మీద దూది రాసి పంపేవారు. ఏ బాధా లేని ముసలాయన మూత్రపు గొట్టం నుంచి పట్టి పంపేవారు. అలాంటి చోట ఏదో ఒకటి పెరుగుతుంది. పెరిగిందని మందు వేస్తారు, అక్కర్లేని మందు ఒంటికి చేటు. ఏది పంపాలో చెప్పడం కన్నా ఏది పంపకూడదో చెప్పడం కష్టమైంది. వెనక్కి పంపిన ప్రతి సీసాకీ ఒకరితో మాట పడ్డాను. ఓపీలో జనం కూడా గొణిగేవారు. వార్డులో చేరిన వాళ్ళకి టైఫాయిడ్ టెస్టు చెయ్యట్లేదట, కొత్త డాక్టరమ్మ వద్దందట అని, కొందరు బండెక్కి భీమవరం వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో ఇంట్లో భోజనాల దగ్గర కంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

అలాంటి సమయంలో అమ్మిరాజు బాబాయికి జ్వరం వచ్చింది.

ఆయన మా అత్తగారి తమ్ముడు. కాళ్ళ అనే ఊరి వైపు ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. మా ఇంట్లో అందరి గొంతులూ పెగిలేది ఆయన వచ్చినప్పుడే. మావగారిని బావా అని పిలిచి వేళాకోళం ఆడగలిగిన మనిషి ఆయనొక్కరే. షుగరు ఉంది. మాత్రలు సరిగ్గా వేసుకోరు. వాన పడుతున్నా చెప్పుల్లేకుండా చెరువుగట్ల మీద తిరుగుతారు. జ్వరం రాగానే వాళ్ళావిడ నీలవేణిగారు ఆయన్ని కారులో తీసుకొచ్చి మా ఇంట్లోనే దింపారు. ఆసుపత్రిలో పడుకోవడం ఆయనకి నామోషీ. మావగారు తన బ్యాగు తెరిచి, ఇంట్లోనే సెలైను పెట్టి, ఇంజెక్షను మొదలుపెట్టారు. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి రెండో డోసు కూడా పడింది.

మర్నాడు వైడాల్ రిపోర్టు వచ్చింది, టైఫాయిడ్ అని. నేను నోరు విప్పలేదు. ఇది వార్డు కాదు, మావగారి ఇల్లు. రోగి ఆయన బావమరిది.

ఆ కోర్సు అయ్యేసరికి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. మందు మార్చారు. అలా మూడుసార్లు మార్చినా అంతే. బాబాయి ముఖం పీక్కుపోయింది. పెరుగన్నం రెండు ముద్దలు తిని చాలనేవారు. దగ్గు వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో నీడ కనిపించింది. మావగారు ఇది టీబీ అన్నారు. షుగరున్న మనిషి, చిక్కిపోతున్నాడు, సాయంత్రం జ్వరం, దగ్గు. ఎవరైనా అలాగే అనుకుంటారు. తెమడ పరీక్షలో టీబీ దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు, సోమవారం టీబీ మందులు మొదలుపెడతానని ఆయన చెప్పారు.

శనివారం ఫణీంద్ర నా బలవంతం మీద బాబాయికి కడుపు స్కానింగు చేశాడు. ప్లీహంలో చిన్నచిన్న చీము గుంటలున్నాయి. తెర మీద వాటిని చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టీబీలోనూ అలా ఉండొచ్చు. ఇంకో జబ్బులోనూ ఉండొచ్చు. నా మనసులో ఒక పేరు మెదిలింది గానీ పైకి అనలేదు. చీము తీసి చూడకుండా పేరు పెట్టడం నేను అందరినీ మానమంటున్న పనే.

ఆ మధ్యాహ్నం హాల్లో మావగారు, అత్తగారు, ఫణీంద్ర, నేను కూర్చున్నాం. నీలవేణిగారు లోపల బాబాయి దగ్గరున్నారు. నేను అడగాల్సింది అడిగాను. ఇంజెక్షన్లు ఒక పూట ఆపుదాం, రక్తం తీద్దాం, స్కానింగులో చూస్తూ సూదితో చీమూ తీసి రెండూ కల్చర్‌కి పెడదాం. టీబీ అయితే అందులోనే తెలుస్తుంది, అప్పుడు ఆ మందులే ఇద్దాం.

మావగారు నెమ్మదిగా, "ప్లీహంలో సూది గుచ్చితే రక్తం ఆగకపోతే?" అన్నారు.

ఆ మాట ఫణీంద్ర వైపు చూసి అడిగారు. ఫణీంద్ర ఆ ప్రమాదం ఉందని ఒప్పుకున్నాడు. అయితే పైకి ఉన్న గుంట అందుతుందనీ, రక్తం సిద్ధం చేసుకుని థియేటర్లోనే చేస్తాననీ చెప్పాడు. తండ్రి మాటకి ఎదురుగా అతను ఒక వాక్యం పూర్తి చెయ్యడం నేను అదే మొదటిసారి చూశాను.

"ఇన్ని జ్వరాలు చూశాను నేను. వాడి ఒంట్లో ఏముందో నాకు తెలీదంటావా, అమ్మాయ్?"

తెలుసంటే అబద్ధం, తెలీదంటే అవమానం. అప్పుడు అత్తగారు మాట్లాడారు. వైద్యం సంగతుల్లో ఆవిడ ఎన్నడూ కలగజేసుకోరు. చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నేలవైపు చూస్తూనే అన్నారు.

"మీరు మూడుసార్లు మందు మార్చారండి. తప్పని అనట్లేదు. నాలుగోసారి మార్చేముందు, మా తమ్ముడికి ఏమైందో ఒక్కసారి చూడనివ్వండి."

మావగారు లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంజెక్షను వేళకి నేను బాబాయి గదిలోకి వెళ్ళాను. ట్రేలో సిరంజి లేదు. మావగారి బ్యాగు కూడా గదిలో లేదు.

ఆదివారం పొద్దున్నే బాబాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ సత్యవాణి సిస్టరూ చెరో చేతి నుంచీ రక్తం తీశాం. ఆయనకి మాట్లాడే ఓపిక లేదు, అయినా, "రక్తం మీరు తాగేస్తున్నారా ఏంటమ్మా, ఇంకా తీస్తున్నారు" అని గొణిగారు. థియేటర్లో ఫణీంద్ర స్కానింగు చూస్తూ సూది దించాడు. సిరంజిలోకి చిక్కటి చీము కొంచెమే వచ్చింది. నాకు అది చాలు. ల్యాబు దాకా ఆ సిరంజిని రెండు చేతులతో పట్టుకుని నడిచాను. ప్రమాదకరమైన సూక్ష్మజీవి కావచ్చన్న అనుమానంతో మాస్కు, రెండేసి గ్లౌజులు వేసుకుని, గాజు తలుపున్న క్యాబినెట్ లోపలే ఆ చీముని కల్చర్ ప్లేట్ల మీద వేశాను.

రక్తంలో ఏమీ పెరగలేదు. ఇంతకాలం పడిన మందులు దాన్ని నొక్కేసి ఉంటాయి. చీము ప్లేటు మీద మాత్రం పెరిగింది. చూడ్డానికి నీళ్ళలో ఎక్కడైనా ఉండే మామూలు రకంలా ఉంది. తొందరపడితే, ఏదో కలిసిందిలే అని పారేసేదే. కానీ మందుల పరీక్షలో అది నడిచిన తీరు వేరుగా ఉంది. అలాంటివాటిని సాధారణంగా చంపే మందులకి లొంగలేదు. లొంగదనుకున్న ఒక మందుకి లొంగింది. నేను ఒకటికి రెండుసార్లు పెట్టి చూశాను. విశాఖలో మా ప్రొఫెసరుగారికి ఫోన్ చేసి చెప్తే, ఖాయం చేసుకోవడానికి నమూనా పంపమన్నారు, వైద్యం మాత్రం ఆపొద్దన్నారు.

మావగారు ఓపీ గదిలో ఒక్కరే ఉన్నారు. నిలబడే చెప్పాను.

"మెలియాయిడోసిస్ అనుకుంటున్నానండి. దాని సూక్ష్మజీవి మట్టిలో, నిలవ నీళ్ళలో ఉంటుంది. షుగరున్నవాళ్ళకి కాలి పగుళ్ళలోంచి కూడా ఎక్కుతుంది. చూస్తే టీబీలాగే ఉంటుంది."

ఆ పేరు ఆయనకి తెలుసు. ఎప్పుడో పుస్తకంలో చదివాను, మన దగ్గర ఉంటుందనుకోలేదు అన్నారు. తర్వాత, నేను ఇచ్చినవాటిలో దేనికైనా లొంగేదా అని అడిగారు. వాటికి సరిగ్గా లొంగదండి అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. బయట ఎవరో వార్డు బాయ్‌ని పిలుస్తున్నారు. కిటికీ అవతల కాలవలో గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. ఆయన దాన్నే చూస్తూ కూర్చుని, "ఏం మొదలుపెడదాం?" అన్నారు.

చెప్పాను. ఆయన చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టి, సిస్టర్‌ని పిలిచి ఇచ్చారు.

కథ అక్కడితో తేలిపోలేదు. సరైన మందు పడ్డాక కూడా బాబాయికి జ్వరం తగ్గలేదు. ఈ జబ్బులో అంతేనని పుస్తకాల్లో ఉంది. వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పుస్తకంలో చదవడం వేరు, నీలవేణిగారి ఎదురుగా నిలబడి చెప్పడం వేరు. ఆవిడ అన్నలు కారు తెచ్చి హైదరాబాదు తీసుకెళ్తామన్నారు. ఈ చిన్న ల్యాబులో ఈ అమ్మాయి ఏదో పేరు చెప్తే నమ్మి కూర్చుంటామా అని వరండాలోనే అడిగారు, నాకు వినపడేలాగే. విశాఖ నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆ నాలుగైదు రోజులూ నేను ప్లేట్లు తీసి చూడటం, మూసి పెట్టడం, మళ్ళీ తీసి చూడటం. నేను పొరబడి ఉంటే ఆ ఇంట్లో మళ్ళీ తలెత్తి నడవలేను. అంతకంటే పెద్ద సంగతి, బాబాయి బతకరు.

మావగారు వరండాలోకి వచ్చి వాళ్ళతో చెప్పిన మాటలు ఇవి. "తీసుకెళ్ళండి, నేను ఆపను. అక్కడా ఇదే మందు ఇస్తారు. దారిలో ఒక డోసు పోతుంది, అంతే. నాకైతే ఈ మందు మార్చే ఉద్దేశం లేదు."

ఆయన నావైపు చూడలేదు. బాబాయి లేకుండానే కారు వెనక్కి వెళ్ళిపోయింది.

విశాఖ నుంచి ఫోను వచ్చింది, అదేనని. మరో రెండు రోజులకి బాబాయికి పొద్దుటి జ్వరం రాలేదు. సాయంత్రమూ రాలేదు. సత్యవాణి సిస్టరు థర్మామీటరు విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ రాలేదు. ఇంకో నాలుగు రోజులకి ఆయన చేపల పులుసు అడిగారు. అత్తగారు ఇంటికెళ్ళి తనే వండి తెచ్చారు. ఆయన తింటుంటే పక్కన కూర్చుని, ముల్లు చూసుకోరా అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తూనే ఏడ్చారు. ఇంటికెళ్ళాక కూడా నెలల తరబడి మాత్రలు వేసుకోవాలి, మానితే జబ్బు తిరగబెడుతుంది. ఆ బాధ్యత నీలవేణిగారు తీసుకున్నారు. రబ్బరు బూట్లు లేకుండా గట్టు దిగితే చెరువులు అమ్మేస్తానని ఆయన్ని బెదిరించారట.

ఒకరోజు ఓపీలో ఒక కౌలురైతు చలిజ్వరంతో వణుకుతూ వచ్చాడు. మావగారు అతన్ని పడుకోబెట్టి, సిరంజిలో మందు ఎక్కించుకుని, సూది పైకి పట్టుకుని అలాగే నిలబడ్డారు. సిస్టరుకి అర్థం కాలేదు. "రక్తం తియ్యమ్మా ముందు. ఎంతసేపు నిలబడను?" అన్నారు. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగి ల్యాబులోకి వెళ్ళిపోయాను.

కార్తీకంలో ఎండలు కాశాయి. జ్వరాలు పలచబడ్డాయి. మావగారు చుట్టుపక్కల ఊళ్ళలో మొదటి వైద్యం చేసే ఆర్‌ఎంపీలందరికీ కబురు పెట్టారు. జ్వరం వస్తే పల్లెటూళ్ళలో ముందు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. మొదటి ఇంజెక్షను పడేదీ అక్కడే. ఒక ఆదివారం ఆసుపత్రి వెనక రేకులషెడ్డులో కుర్చీలు వేయించారు. ఎక్కువమంది ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాళ్ళు. ఉప్మా తిని, టీలు తాగి, పెద్ద డాక్టరుగారు ఏం చెప్తారోనని కూర్చున్నారు. ఆయన లేచి, మా కోడలు మాట్లాడుతుంది అని మాత్రం చెప్పి ముందు వరసలో కూర్చున్నారు.

నేను చెప్పాను. జ్వరం బాగా ఉన్నవాళ్ళని ఇంజెక్షను వెయ్యకుండా పంపండి, మేము రక్తం తీశాక మందు వేస్తాం. జ్వరమన్న ప్రతివాళ్ళకీ వైడాల్ రాయకండి. షుగరున్న మనిషికి జ్వరం తగ్గకపోతే మీ దగ్గరే ఉంచుకోకండి. వాళ్ళు వింటున్నారు గానీ ముఖాల్లో ఇష్టం లేదు.

వెనక వరసలోంచి బుల్లబ్బాయిగారు లేచారు. మావగారి దగ్గర మొదటి కాంపౌండరుగా చేసి, సొంత ఊరెళ్ళి వైద్యం పెట్టుకున్న పెద్దాయన. నన్ను కాదు, మావగారినే అడిగారు. చాలా మర్యాదగా అడిగారు.

"మరి ఇన్నాళ్ళూ మీరు చేసింది, మాకు నేర్పింది, తప్పంటారా అండి?"

ఏదో ఒకటి చెప్పి మావగారిని కాపాడాలనుకున్నాను. ఈలోపే ఆయన కుర్చీలో వెనక్కి తిరిగారు.

"తగ్గినవాళ్ళు మళ్ళీ వచ్చి కనపడ్డారు, బుల్లబ్బాయ్. తగ్గనివాళ్ళు రాలేదు. వాళ్ళు ఎంతమందో, వాళ్ళకి వచ్చింది ఏ జ్వరమో నేను చూడలేదు. చూడనప్పుడు తప్పో ఒప్పో ఎలా చెప్పను?"

బుల్లబ్బాయిగారు కూర్చున్నారు. మావగారు మళ్ళీ నావైపు తిరిగారు.

"రక్తం ఎలా తియ్యాలో చూపించమ్మా" అని, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, చెయ్యి బల్లమీద చాపారు.